కొత్త గుర్రాన్ని పాత తొట్టి దగ్గర కట్టకండి

పశువైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ శీర్షికకు మామూలుగా పాడి గేదెలు, మేకలు, ఇంట్లో పెంచుకునే కుక్కల గురించే ఉత్తరాలు వస్తాయి. పోయిన నెల ఒకాయన గుర్రానికి ఏ టీకాలు వేయించాలని అడిగితే నాలుగు లైన్లలో జవాబు రాశాను. అవి చదివి ఇంతమంది రాస్తారనుకోలేదు. మన దగ్గర గుర్రాలెక్కడున్నాయి అంటారు చాలామంది. హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో ఉన్నాయి, మలక్‌పేట రేసుల్లో ఉన్నాయి, విశాఖ బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి, పాడేరు కొండల మీద రోడ్డు లేని ఊళ్లకు బస్తాలు మోస్తున్నాయి. రేసు గుర్రాలకు డాక్టర్లకు కొదవ లేదు. మిగతా వాటి గురించి అడిగేవాళ్లే తక్కువ. నా 31 ఏళ్ల సర్వీసులో గుర్రాల మధ్య గడిపింది ఏజెన్సీలో ఆరేళ్లు, హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు. ఆ పదిహేనేళ్లలో చూసింది, చేసింది, చేయకపోయింది గుర్తు చేసుకుంటూ ఈ నెల పేజీలన్నీ గుర్రాలకే ఇస్తున్నాను.

*

డాక్టరు గారూ, మేం పెళ్లిళ్లకు, బరాత్‌లకు గుర్రాలు పంపుతాం. నాలుగు ఉన్నాయి. ఈ సీజనుకు ఇంకో రెండు తెల్ల గుర్రాలను బయటి రాష్ట్రం సంతలో కొని తెద్దామనుకుంటున్నాం. గ్లాండర్స్ అనే అంటుజబ్బుకు రక్త పరీక్ష చేయించాకే కొనమని తెలిసినవాళ్లు చెప్పారు. గుర్రం చూడ్డానికి బాగుంటే పరీక్ష ఎందుకండీ? పాజిటివ్ వస్తే చంపేస్తారట, నిజమేనా?
— గుర్రాల యజమాని, హైదరాబాద్ పాతబస్తీ

నిజమే. కష్టమైన మాట ముందే చెప్పేస్తాను. గ్లాండర్స్ అని తేలిన గుర్రాన్ని ఉంచరు. 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం ఈ జబ్బు కనబడితే అధికారులకు తెలియజేసి తీరాలి. ఇప్పుడు కొత్తగా పుట్టిన భయం కూడా కాదు. తెల్లవాళ్ల కాలంలో, 1899లోనే దీనికోసం విడిగా ఒక చట్టం ఉండేది. టీకా లేదు. మందులతో తగ్గించే ప్రయత్నం చేయకూడదు, ఎందుకంటే పైకి తగ్గినట్టు కనబడినా సూక్ష్మజీవి లోపలే దాక్కుని పక్కనున్న వాటికి అంటుకుంటూనే ఉంటుంది. మనుషులకూ సోకుతుంది. సరైన వైద్యం అందకపోతే మనిషి ప్రాణం కూడా తీస్తుంది. మీ గుర్రాల దగ్గర ఎవరు పడుకుంటారు? మీ పిల్లలో, మీ దగ్గర పనిచేసే సైసులో అయి ఉంటారు. పరీక్ష ఎందుకంటే ముందు వాళ్ల కోసం.

చూడ్డానికి బాగుంది కదా అన్నారు. మోసమంతా అక్కడే. జబ్బు ముదిరాక గుర్తుపట్టడం కష్టం కాదు: ముక్కులోంచి పసుప్పచ్చగా, జిగురుగా చీమిడి కారుతుంది, ముక్కు లోపల పుళ్లు పడతాయి, దవడ కింద గడ్డ తగులుతుంది. కొన్నింటికి కాళ్ల లోపలి వైపు చర్మం కింద పూసలు గుచ్చినట్టు వరసగా గడ్డలు లేచి, పగిలి, తేనెలాంటి జిగురు కారుతుంది. ఇవేవీ లేకుండా నెలల తరబడి నిగనిగలాడుతూ తిరిగే గుర్రాలు కూడా ఉంటాయి. సంతలో అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా అవే, జబ్బు కనబడే గుర్రాన్ని ఎవరూ సంతకు తేరు కదా. పుష్కర్‌కు వెళ్లండి, సారంగ్‌ఖేడాకు వెళ్లండి, మనకు దగ్గరలో నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరకు వెళ్లండి, ఎక్కడైనా వందల గుర్రాలు ఒకే చోట నీళ్లు తాగుతాయి. కొనడానికి వచ్చినవాళ్లు ఒంటి మీద సుడులు లెక్కపెడతారు, ఏ సుడి అదృష్టం, ఏ సుడి అరిష్టం అని గంటసేపు మాట్లాడతారు. టార్చిలైటు వేసి ముక్కు లోపలికి చూసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

అందుకే బేరం కుదిరాక, డబ్బు మొత్తం ఇవ్వకముందు, అక్కడి ప్రభుత్వ పశువైద్యుడితో రక్తం తీయించి పరీక్షకు పంపించండి. దీనికి దేశంలో పెద్ద దిక్కు హర్యానాలో హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. అమ్మేవాడు సర్టిఫికెట్ ఉందంటే సంతోషమే, కానీ దాని మీద తేదీ చూడండి, అందులో రాసిన రంగు, నుదుటి చుక్క, సుడులు మీ ఎదురుగా ఉన్న గుర్రంతో సరిపోతున్నాయో లేదో చూడండి. సుడులు చూడాల్సింది ఇందుకు.

ఇంటికి తెచ్చాక అసలు పని మొదలవుతుంది. కొత్త గుర్రాన్ని పాత వాటి తొట్టి దగ్గర కట్టకండి. ముప్పై రోజులు విడిగా ఉంచండి. మీ దగ్గర చోటు లేకపోతే ఎవరిదైనా ఖాళీ షెడ్డు అద్దెకు తీసుకోండి. దాని బకెట్ దానికే, కళ్లెం దానికే, మాలీసు చేసే బ్రష్షూ, గుడ్డా దానికే. సైసు ముందు పాత వాటి పని పూర్తిచేసుకుని, ఆ తర్వాత కొత్త దాని దగ్గరికి వెళ్లాలి, అక్కడి పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొద్దున, సాయంత్రం జ్వరం చూసి ఒక నోటు పుస్తకంలో రాయండి. ఇరవై రూపాయల పుస్తకం చాలు. నెల చివర రక్తం ఇంకోసారి తీయించండి, మొదటిసారి పరీక్షకు దొరకని జబ్బు అప్పుడు దొరుకుతుంది.

మీ వ్యాపారంలో ఇంకో ప్రమాదం ఉంది. పెళ్లి రాత్రి హడావిడిలో ఒక గుర్రం కళ్లెం ఇంకో గుర్రానికి తగిలిస్తారు. జరీ గుడ్డలు, మొహం మీద కట్టే పూసల జాలరు ఒక యజమాని దగ్గర్నుంచి ఇంకో యజమానికి అద్దెకు వెళ్తాయి. ఫంక్షన్ హాలు బయట ఒకే ప్లాస్టిక్ టబ్బులో ఆరు గుర్రాలు నీళ్లు తాగడం నేను చూశాను. గ్లాండర్స్ ఒక్కటే కాదు, గుర్రాల ఫ్లూ కూడా ఇలాగే పాకుతుంది. 1987లో ఒకసారి, 2008లో మళ్లీ మన దేశంలో ఫ్లూ వ్యాపించినప్పుడు ఒక చోట దగ్గిన గుర్రంతో మొదలై రాష్ట్రాలు దాటింది. మీ బకెట్ మీరు వెంట తీసుకెళ్లండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ముక్కు కారుతున్న గుర్రం ఏదైనా కనబడితే ఆ రోజు బరాత్‌కు పంపకండి. అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సి వస్తుందని నాకు తెలుసు. గ్లాండర్స్ తేలితే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది గానీ, మిగతా గుర్రాలకు పరీక్షలు పూర్తయ్యేదాకా ఏదీ గడప దాటదు. ఆ సీజన్ మొత్తం పోతుంది. రెండు నష్టాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

*

సార్, మాది ఏజెన్సీలో కొండ మీది ఊరు. సంత సరుకులు, కాఫీ బస్తాలు మోయడానికి గుర్రం పెట్టుకున్నాం. వానలు తగ్గినప్పటి నుంచి మూడు రోజులు జ్వరం, నాలుగు రోజులు మామూలు, మళ్లీ జ్వరం. మేత తింటోంది కానీ చిక్కిపోతోంది. పొట్ట కింద, కాళ్లకు నీరు దిగింది. నడిస్తే వెనక కాళ్లు తూలుతున్నాయి. దిష్టి తీయించాం.
— రైతు, పాడేరు ప్రాంతం

మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి పోస్టింగు రోజులు గుర్తొచ్చాయి. మీరు రాసిన వరస, అంటే వచ్చిపోయే జ్వరం, తింటున్నా చిక్కిపోవడం, పొట్ట కింద నీరు, తూలే నడక, నూటికి తొంభై వంతులు సర్రా జబ్బును చూపిస్తోంది. ఆలస్యం చేయకండి, పత్రిక మీ చేతికి వచ్చేలోగానే చూపించి ఉంటారని ఆశపడుతున్నాను.

ఇది రక్తంలో ఈదే ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది. గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు 1880లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల, ఒంటెల రక్తంలో మొదటిసారి దాన్ని చూశాడు. మోసుకొచ్చేది జోరీగ. వానలు వెనకపట్టాక జోరీగలు ముసురుతాయి కాబట్టే మీకు ఇప్పుడే వచ్చింది. ఒక జంతువును కుడుతూ మధ్యలో తోలేస్తే ఎగిరి, మూతికి అంటిన పచ్చి నెత్తురుతోనే పక్క జంతువు మీద వాలుతుంది. గేదెల్లో, ఆవుల్లో ఈ జబ్బు చాలాసార్లు బయటపడదు. పాలు కాస్త తగ్గుతాయేమో, అంతే. గుర్రం మాత్రం తట్టుకోలేదు. అందుకే మీ గుర్రాన్ని గేదెల మంద పక్కన, వాగు ఒడ్డున కట్టకండి.

రక్తం తీయించాల్సింది జ్వరం ఉన్న రోజున. జ్వరం లేని రోజు తీస్తే మైక్రోస్కోపు కింద పరాన్నజీవి కనబడకపోవచ్చు, "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తుంది, మీరు నమ్మి ఇంటికి వెళ్లిపోతారు. కొండ దిగి రావడానికి మూడు గంటలు పడుతుందని తెలుసు కాబట్టి చెబుతున్నాను: ఇంట్లోనే జ్వరం చూసుకుని, ఉన్న రోజునే బయల్దేరండి. మనుషుల థర్మామీటరే చాలు. కొనకు కొంచెం నూనె రాసి, దారం కట్టి, గుర్రం పక్కన నిలబడి, వెనక కాదు పక్కన, మలద్వారంలో పెట్టి నిమిషంసేపు పట్టుకోవాలి. 99.5 నుంచి 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలు. 102 దాటితే జ్వరమే.

మందు క్వినాపిరమిన్ ఇంజెక్షన్. దీన్ని బరువును బట్టి పూర్తి మోతాదులో చర్మం కింద వేయాలి. పొడిచిన చోట వాపు వస్తుంది, అందుకే మోతాదును రెండు మూడు చోట్లకు పంచి వేస్తారు. వాచింది కదా అని కంగారుపడకండి. సగం మోతాదు వేసి మిగిలింది పక్కింటి గుర్రానికి వాడే అలవాటు ఒకటి ఉంది. దానివల్ల రెండు గుర్రాలూ బాగుపడవు, పైగా ఆ మందుకు లొంగని జబ్బు తయారవుతుంది. ఇదే మందులో ముందు జాగ్రత్తగా వేసే రకం ఉంది, దాదాపు మూడు నెలలు కాపాడుతుంది. వచ్చే ఏడాది జోరీగలు రాకముందే మీ ఊళ్లో గుర్రాలన్నిటికీ ఒకే రోజున వేయమని మీ పశువుల ఆసుపత్రిలో అడగండి. ఊరంతా కలిసి అడిగితే డాక్టరే కొండెక్కి వస్తాడు. నేను ఎక్కేవాణ్ణి.

దిష్టి తీయడం మీ ఇష్టం. రక్తం తీయించడం మాత్రం మానకండి.

*

సర్, నేను ఇంజనీరింగ్ చదువుతూ శని, ఆదివారాలు రైడింగ్ నేర్చుకుంటున్నాను. నాకు బాగా అలవాటైన గుర్రం ఒక రాత్రి కడుపునొప్పితో చనిపోయింది. సాయంత్రం ఆరింటికి దాన్ని నేనే కట్టేసి వచ్చాను, మామూలుగానే ఉంది. ఏం గమనించి ఉండాల్సింది? అప్పటి నుంచి చాలా టెన్షన్‌గా ఉంటోంది.
— విద్యార్థిని, హైదరాబాద్ శివారు

అమ్మా, ముందుగా ఒక మాట. ఆరింటికి మామూలుగా ఉన్న గుర్రానికి పదింటికి పేగు మెలిపడొచ్చు. అది మీరు ఆపగలిగేది కాదు. ఆ రాత్రి గురించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మిగిలిన గుర్రాల కోసం తెలుసుకోవాల్సింది మాత్రం చాలా ఉంది.

గుర్రం వాంతి చేసుకోలేదు. పొట్ట ముఖద్వారం దగ్గర కండరం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది. అంత పెద్ద జంతువుకు జీర్ణాశయం చిన్నది, సుమారు పది పదిహేను లీటర్లు పడుతుంది. రోజంతా కొద్దికొద్దిగా గడ్డి నమలడానికి పుట్టిన జీవి అది. మనమేమో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తొట్టినిండా దాణా పోసి, మధ్యలో ఖాళీ కడుపుతో నిలబెడతాం. కడుపునొప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే. ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల ఎండుమేత రోజూ పడాలి. మూడు వందల కిలోల గుర్రమైతే ఐదారు కిలోలు. దాణా ఆ తర్వాతే. ఉలవ గుగ్గిళ్లు మంచివే, మన తాతల కాలం నుంచీ పెడుతున్నాం, కానీ బాగా ఉడకబెట్టి, కొద్దిగా, గడ్డి తిన్నాక పెట్టాలి. దాణా మార్చాలంటే వారం పది రోజులు పాతదానిలో కొత్తది కలుపుతూ మార్చండి. కోళ్ల దాణా చవగ్గా దొరికిందని గుర్రానికి పెట్టేవాళ్లున్నారు. అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి మేలు చేస్తుంది, గుర్రం గుండెను దెబ్బతీసి చంపేస్తుంది. ఆ బస్తాను గుర్రపుసాల ఛాయలకు కూడా రానివ్వకండి.

మేత ఇసుక నేల మీద వేయకండి, గడ్డితోపాటు ఇసుక లోపలికి పోయి పేగుల్లో పేరుకుంటుంది. నీళ్లు రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. బకెట్లు లెక్కపెట్టండి. చలికాలం పొద్దున్నే నీళ్లు మరీ చల్లగా ఉంటే తక్కువ తాగుతుంది, లద్దె గట్టిపడుతుంది, నాలుగో రోజుకు నొప్పి వస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. రాత్రి కట్టేసే ముందు ఐదు నిమిషాలు నిలబడి చూడండి. లద్దె ఎన్నిసార్లు వేసింది, ఉండలు తడిగా, విరిగేలా ఉన్నాయా, ఎండి పైన జిగురు పొరతో ఉన్నాయా? పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. డొక్కకు చెవి ఆనించి వినండి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. దూరంగా ఉరిమినట్టు, నీళ్లు ఒలికినట్టు శబ్దాలు వస్తూ ఉండాలి. నిశ్శబ్దంగా ఉందంటే భయపడాల్సిందే. దవడ ఎముక లోపలి అంచున వేలు పెడితే నాడి దొరుకుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 మామూలు. అరవై దాటి, గుర్రం డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకుంటూ, కాలితో నేల తవ్వుతూ, పడుకుని దొర్లబోతుంటే ఆ క్షణమే డాక్టరుకు ఫోన్ చేయండి. మేత తీసేయండి. నడిపిస్తే ఊరట పడుతుంటే నెమ్మదిగా నడిపించండి, గంటల తరబడి ఈడ్చకండి.

ఒక్క పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. తల పైకెత్తి పట్టుకుని గొట్టంతో నోట్లోకి, ముక్కులోకి నూనె, కషాయం పోస్తారు. నొప్పితో ఉన్న గుర్రం సరిగ్గా మింగదు, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపునొప్పి తగ్గి, వారానికి న్యుమోనియాతో పోయిన గుర్రాలు నాకు తెలుసు. పొట్టలోకి గొట్టం వేయడం డాక్టరు చేతుల మీదుగానే జరగాలి.

మీ స్నేహితురాలి లాంటి గుర్రాన్ని పోగొట్టుకున్నారు. వచ్చే శనివారం వెళ్లినప్పుడు మిగిలిన వాటి నాడి, జ్వరం, ఊపిరి ఎంతెంత ఉన్నాయో చూసి గోడ మీద ఒక కాగితం అతికించండి. ఊపిరి నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఉండాలి. ప్రతి గుర్రానికీ దాని మామూలు అంకె వేరు. రాత్రిపూట ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది అదే.

*

మా రెండు పోనీలకు మూడు నెలలకోసారి నట్టల మందు తప్పకుండా పోయిస్తున్నాం. అయినా బొచ్చు గరుకుగా, పొట్ట జారి ఉంటున్నాయి. మందు మార్చాలా?
— బీచిలో పోనీలు నడిపే యువకుడు, విశాఖపట్నం

మందు మార్చే ముందు లద్దె పరీక్ష చేయించండి. పొద్దున్నే వేసిన తాజా లద్దెలోంచి రెండు మూడు ఉండలు ప్లాస్టిక్ కవరులో కట్టి పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లండి. గ్రాముకు ఎన్ని నట్టల గుడ్లున్నాయో లెక్క తేలుతుంది. గుడ్లు లేకుండా మందు పోస్తే డబ్బు దండగ, పైగా నట్టలు ఆ మందుకు అలవాటుపడిపోతాయి. మందు పోసిన రెండు వారాలకు మళ్లీ పరీక్షిస్తే అది పనిచేసిందో లేదో కూడా తెలుస్తుంది.

మోతాదు కంటిచూపుతో వేస్తున్నారనుకుంటాను. కుట్టుపని టేపు తీసుకుని ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ కొలవండి, తర్వాత భుజం కొన నుంచి పిరుదు ఎముక కొన దాకా పొడవు కొలవండి, రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టు 150, పొడవు 130 అయితే సుమారు 246 కిలోలు.

ఇంకొకటి, ముందుకాళ్ల వెంట్రుకలకు ఆవగింజకన్నా చిన్నవి, పసుప్పచ్చని చుక్కలు గట్టిగా అతుక్కుని ఉన్నాయేమో చూడండి. అవి బాట్ ఈగ గుడ్లు. గుర్రం నాకినప్పుడు నోట్లోకి, అక్కడ్నుంచి పొట్టలోకి పోయి పురుగులవుతాయి. మొద్దు కత్తితో గీకి తీసేయండి. పొట్టలోకి పోయినవాటికి ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది, ఫెన్‌బెండజోల్ పనిచేయదు. మీరు మూడు నెలలకోసారి పోస్తున్నది ఏదో సీసా మీద చదవండి. లద్దెను కట్టేసిన చోటి నుంచి రోజూ ఎత్తేస్తే సగం నట్టలు అలాగే పోతాయి.

*

వీధి కుక్క మా గుర్రం మూతి మీద కరిచింది. గాయం చిన్నదే. ఏం చేయాలి?
— తోట యజమాని, చేవెళ్ల

పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గ్లౌజు వేసుకుని. ఆ రోజే పశువైద్యుడి దగ్గర కరిచాక వేసే రేబీస్ టీకాలు మొదలుపెట్టించండి, ఒక్క డోసూ మానకుండా వేయించండి. మూతి మీది గాయం మెదడుకు దగ్గర, చిన్నదని చూడకండి. గుర్రం మింగలేక సొంగ కారుస్తుంటే, తిక్కతిక్కగా ఉంటే, గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నోట్లో చేయి పెట్టకండి. మిగతా గుర్రాలకు ఏటా రేబీస్ టీకా వేయించే అలవాటు ఈ ఏడాది నుంచే మొదలుపెట్టండి.

*

అయ్యా, నాకు డెబ్భై దాటాయి. ఒకప్పుడు మా ఊళ్లో స్టేషన్ ముందు యాభై జట్కాలు ఆగేవి. ఇప్పుడు నాదొక్కటే, గుర్రానికి ఇరవై రెండేళ్లు. సవారీలు లేవు, దాన్ని వదిలిపెట్టలేక ఉంచుకున్నాను. మొన్న లాడం ఊడి, మేకు దిగబడి కుంటింది. పసుపు, వేపనూనె కట్టాను, తగ్గింది. ఈమధ్య మేత నమిలి ముద్దలుగా కింద పడేస్తోంది. వయసు అయిపోయిందంటారా?
— జట్కా తోలే పెద్దాయన, గుంటూరు జిల్లా

పెద్దాయనా, మేకు గుచ్చుకున్న రోజు నుంచి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించారో లేదో కూడా రాయలేదు. వేయించకపోతే ఇది చదవడం ఆపి ముందు గుర్రాన్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. కుంటు తగ్గిందని ఊరుకోకండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో చెబుతాను.

ఏజెన్సీలో నేను చేరిన రెండో ఏడు. బస్తాలు మోసే ఒక ఎర్ర గుర్రం అరికాలిలో ఇనప ముక్క దిగిందని తీసుకొచ్చారు. తీశాను, చీము పోయేలా గిట్ట చెక్కాను, అయోడిన్ పోశాను, పెన్సిలిన్ పొడిచాను. శుభ్రంగా కట్టుకట్టి పంపించాను. యజమాని దండం పెట్టి వెళ్లాడు. పన్నెండో రోజున ఆయనే ఒక్కడే కొండ దిగి వచ్చాడు. "గుర్రం కొయ్యైపోయింది బాబూ" అన్నాడు. ఆయనతో ఎక్కాను. నాలుగు కాళ్లూ ఎడంగా చాపి, చెవులు నిక్కబొడిచి, తోక ఎత్తి, కొయ్యగుర్రంలాగే నిలబడి ఉంది. గడ్డం కింద వేలితో తట్టాను. కంటి మూలలోంచి తెల్లటి పొర జారి సగం కంటిని కప్పేసింది. ఆకలితో ఉంది, నోటి ముందు పచ్చగడ్డి పెట్టారు, దవడ తెరుచుకోదు. మూడో రోజు పోయింది. ధనుర్వాతం మందు మా ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంది. ఈ గుర్రానికి టీకా ఉందా అని నేను అడగలేదు, ఆ మందూ ఇవ్వలేదు. తప్పు నాదే. ఆ కంటి పొర నాకు ఇప్పటికీ కనబడుతుంది.

మనం పెంచే జంతువుల్లో ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగేది ఇంకోటి లేదు. ఆ సూక్ష్మజీవి మట్టిలో, గుర్రం లద్దెలోనే ఉంటుంది. గాయం పైకి మూసుకుపోయి లోపల గాలి ఆడకపోతే దానికి అదే కావాలి, గిట్టలో మేకు దెబ్బ సరిగ్గా అలాంటిదే. పసుపు, వేపనూనె చర్మం మీది గాయానికి వాడితే నేను వద్దనను, లోతుగా దిగిన మేకు చిల్లులోకి అవి చేరవు. టీకా వేయించని గుర్రానికి గాయమైన రోజే అప్పటికప్పుడు కాపాడే యాంటీటాక్సిన్, దాంతోపాటు టీకా మొదటి డోసు వేయాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో రెండో డోసు. ఆ తర్వాత ఏటా ఒకటి. ఆ యాంటీటాక్సిన్ కూడా గుర్రాల రక్తంలోంచే తీస్తారు, పాము కరిచిన మనుషులకు ఎక్కించే మందు తీసినట్టే.

లాడం విషయానికొస్తే, సవారీలు లేవు కాబట్టి తీయించేయండి. ఆరు వారాలకోసారి గిట్ట చెక్కిస్తే చాలు. రోజూ సాయంత్రం నాలుగు కాళ్లూ ఎత్తి మొద్దు పుల్లతో అడుగున మట్టి తీయండి, ముక్కుతో వాసన చూడండి. కుళ్లు వాసన, నల్లటి తడి ఉంటే కట్టేసే చోటు తడిగా ఉందని అర్థం. గిట్ట వేడిగా ఉండి, బరువంతా వెనక కాళ్ల మీదికి నెట్టి నిలబడితే మాత్రం ఆ రోజే చూపించండి.

ముద్దలుగా ఉమ్మేయడం వయసు కాదు, పళ్లు. గుర్రం పళ్లు మధ్యవయసు దాటేదాకా కొద్దికొద్దిగా పైకి వస్తూ ఉంటాయి, ఒకదాన్నొకటి అరగదీసుకుంటూ అంచులు కత్తుల్లా తేలతాయి. అవి బుగ్గల్ని, నాలుకను కోస్తుంటే ఆకలి ఉన్నా నమలలేదు. లద్దెలో గింజలు గింజలుగా బయటికి వస్తున్నాయేమో చూడండి. పశువైద్యుడు నోటికి పట్టీ పెట్టి, పొడుగు ఆకురాయితో ఆ అంచులు అరగదీస్తాడు. పెద్ద ఖర్చు కాదు, నొప్పీ ఉండదు. మనుషుల్ని ఏడాదికోసారి కంటి పరీక్షకు తీసుకెళ్లినట్టు, ఈ వయసులో ఆరు నెలలకోసారి పళ్లు చూపించండి. ఆ పని అయ్యేదాకా గడ్డిని బెత్తెడు ముక్కలుగా కోసి, తవుడు గోరువెచ్చని నీళ్లలో జావలా నానబెట్టి, గుగ్గిళ్లు మెత్తగా నలిపి, చిటికెడు ఉప్పు వేసి రోజుకు నాలుగుసార్లు పెట్టండి.

మీ గుంటూరులో నాకు తెలిసిన పశువైద్యులున్నారు. పత్రిక ఆఫీసుకు ఒక కార్డు రాస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెబుతాను. ఇంజెక్షన్ ఏ రోజున వేశారో, పళ్లు చూసి ఏమన్నారో అందులోనే రాయండి.